కట్టప్ప కొడుకు కథ ఎవరు రాస్తారు?

2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఈ దేశంలో ఒకటే ప్రశ్న. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీకొట్టు దగ్గరా అదే, పెళ్ళి పందిట్లోనూ అదే. రెండో భాగం వచ్చింది, జవాబు దొరికింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నా ప్రశ్న వేరే. అసలు కట్టప్ప ఎవరు? మాహిష్మతిలో అతన్ని మించిన కత్తి లేదు. యుద్ధం తెలుసు, మనుషులు తెలుసు, ఏది న్యాయమో కూడా తెలుసు. అయినా పూర్వీకులు ఎప్పుడో ఇచ్చిన మాటకి కట్టుబడి సింహాసనానికి బానిస. సినిమా మొత్తం శివుడు తానెవరో తెలుసుకోవడం గురించి. గూడెంలో పెంపుడు తల్లి దగ్గర పెరిగిన కుర్రాడు జలపాతం ఎక్కి పైకి పోతాడు, తను మహేంద్ర బాహుబలి అని తెలుసుకుంటాడు. ఆ తెలిసే ఘట్టం గుర్తుందా? కట్టప్ప అతని మొహం చూసి, మోకాళ్ళ మీద కూలబడి, ఆ కుర్రాడి పాదం తీసి తన నెత్తిన పెట్టుకుంటాడు. థియేటర్లు ఊగిపోయాయి. ఒకడికి తానెవరో తెలియాలంటే ఇంకొకడి నెత్తి మీద కాలు పడాలి. కట్టప్పకి మాత్రం తానెవరో తెలుసుకునే కథ లేదు. అతనెవరో పుట్టకముందే తేల్చేశారు.

ఈ వరసలో ఇప్పటిదాకా హాస్టళ్ళ గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పోస్టుల గురించి రాస్తూ వచ్చాను. ఇవాళ మాంత్రికుల గురించి, డ్రాగన్ల గురించి రాస్తున్నా. నవ్వకండి. ఇదీ మన పిల్లల సంగతే.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అక్కా, నాకు హ్యారీ పోటర్, పెర్సీ జాక్సన్ లాంటి పుస్తకాలంటే పిచ్చి. రాత్రిళ్ళు ఫోన్లో చదువుకుంటా. స్టడీ సర్కిల్లో ఒక అన్న చూసి, బాబాసాహెబ్‌ని చదవాల్సిన వయసులో ఈ మంత్రాల పుస్తకాలేంటమ్మా అన్నారు. అందరూ నవ్వారు. ఇవి చదవడం తప్పా అక్కా?"

తప్పు కాదు చెల్లీ. ముందు ఆ మాట చెప్పేసి, మిగతాది వివరంగా చెప్తాను. ఎందుకంటే ఆ అన్న మాటలో ఒక నిజం ఉంది, ఒక పొరపాటు ఉంది. రెండూ విడదీసి చూడాలి.

ఈ కథలన్నిటికీ ఒక అచ్చు ఉంది. ఒక పిల్లాడో పిల్లో ఉంటుంది. తల్లో తండ్రో ఉండరు. ఎవరూ లెక్కచెయ్యరు. ఒకరోజు ఒక ఉత్తరం వస్తుంది, లేదా ఒక ముసలాయన వస్తాడు, లేదా ఒక తలుపు తెరుచుకుంటుంది. ఇల్లు వదిలి ప్రయాణం. దారిలో స్నేహితులు, శత్రువులు, పరీక్షలు. చివరికి "నేనెవరు?" అన్న ప్రశ్నకి జవాబు. ఇంగ్లీషు మార్కెట్లో వీటిని యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటున్నారు. తెలుగు పిల్లలకి ఈ రుచి కొత్త కాదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ కోసం ఇళ్ళల్లో పిల్లలు కొట్టుకునేవాళ్ళు.

పదమూడు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య ప్రతి మనిషీ అడిగే ప్రశ్న అదే కాబట్టి ఈ కథలకి అంత బలం. నేనెవరు, నేను దేనికి పనికొస్తాను, ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో నేనెందుకు ఇమడట్లేదు? ఆ వయసులో ఆ ప్రశ్న రానివాళ్ళు ఎవరు?

ఇప్పుడు జవాబు దగ్గరికి రండి. చాలా కథల్లో జవాబు ఒకటే. నువ్వు అనుకున్నవాడివి కాదు, నీ పుట్టుక వేరే. హ్యారీ మెట్ల కింద గూట్లో పడుకునే అనాథ, కానీ పుట్టుకతో మాంత్రికుడు. 2005లో వచ్చిన మొదటి పుస్తకంలో పెర్సీ జాక్సన్ ఏ బళ్ళోనూ నిలవలేని కుర్రాడు, కానీ సముద్రదేవుడి కొడుకు. శివుడు గూడెం బిడ్డ, కానీ రాజవంశం. అంటే కష్టం కథ మొదట్లో ఉంటుంది, గొప్పతనం మాత్రం రక్తంలో ముందే దాచిపెట్టి ఉంటుంది. కథ పని ఆ దాచినదాన్ని బయటికి తియ్యడమే.

ఈ అచ్చు మనకి ఇంగ్లీషు వాళ్ళు నేర్పిందేమీ కాదు. కర్ణుడు సూతపుత్రుడిగా అవమానాలు పడ్డాడు. అతని విలువిద్య సూతుల ఇంట్లో పెరిగిన కుర్రాడి సాధన ఫలం అని ఒప్పుకుంటే కథకి ఇబ్బంది. అందుకే కుంతి కొడుకు, సూర్యుడి కొడుకు. ఛాందోగ్యంలో సత్యకాముడు, మా అమ్మ పలుచోట్ల పనిచేస్తూ బతికింది, నా గోత్రమేంటో ఆమెకే తెలియదు అని నిజం చెప్పాడు. గురువు మెచ్చుకున్నాడు. ఎలా? ఇంత నిజం బ్రాహ్మణుడు తప్ప ఇంకొకడు చెప్పడు అని. దాసి కొడుకు నిజాయితీ కూడా దాసికి దక్కలేదు. మరి నిజంగానే ఏ రహస్య రక్తమూ లేని ఏకలవ్యుడు? బొమ్మని పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. అతని బొటనవేలు తీసుకున్నారు.

ఈ అచ్చు మన పిల్లల మీద ఏం పని చేస్తుందో ఆలోచించండి. మంచి ఇంట్లో పుట్టిన పిల్లకి "నువ్వు రహస్యంగా రాకుమారివి" అనేది ఒక సరదా. మన వాడలో పిల్లకి అది వేరేలా తగులుతుంది. నువ్వు గొప్పదానివి కావాలంటే మీ అమ్మ మీ అమ్మ కాకూడదు అని వినిపిస్తుంది. నేను చదివిన హాస్టల్లో ఒకమ్మాయి ఉండేది. క్లాసులో మొదటి ర్యాంకు. ఆదివారం వాళ్ళమ్మ మిరపకాయల కూలి నుంచి అదే చీరలో తిన్నగా వస్తే, గేటు దగ్గర నిలబడ్డ స్నేహితురాళ్ళతో "మా ఊరావిడ, అమ్మ పంపించింది" అని చెప్పింది. ఆ తల్లి విన్నది. ఏమీ అనలేదు. తెచ్చిన సున్నుండల డబ్బా ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ పిల్ల చెడ్డదా? పన్నెండేళ్ళ పిల్ల. తెలివితేటలు ఆ చీరలోంచి రావని పుస్తకాలూ సినిమాలూ బళ్ళోని మాటలూ కలిసి ఆమెకి నేర్పాయి. దీన్ని చిన్న విషయం అనుకోకండి. తన అమ్మని దాచుకుంటే తప్ప తనెవరో చెప్పుకోలేని పరిస్థితి కన్నా పెద్ద నష్టం ఆ వయసులో ఇంకేముంది?

ఇప్పుడు వేరే కథ చెప్తా. ఇదీ సాహసయాత్రే.

1901. సతారాలో తొమ్మిది పదేళ్ళ పిల్లాడు. తల్లి లేదు. తండ్రి దూరంగా గోరెగావ్‌లో క్యాషియర్ ఉద్యోగంలో ఉన్నాడు. వేసవి సెలవులకి రమ్మని తండ్రి కబురు పెట్టాడు. పిల్లాడు, అన్న, అక్క కొడుకులు ఇద్దరు. కొత్త చొక్కాలు, జిగేలుమనే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు. పెద్దవాళ్ళు ఎవరూ లేకుండా రైలు ప్రయాణం. ఇంతకన్నా మంచి సాహసకథ ఆరంభం ఏ రచయిత రాయగలడు?

మసూర్ స్టేషన్లో దిగారు. ఉత్తరం అందక తండ్రి మనిషి రాలేదు. స్టేషన్ మాస్టర్ ఈ ముచ్చటైన పిల్లల్ని చూసి దగ్గరికొచ్చాడు. మీరెవరు బాబూ అని అడిగాడు. పిల్లాడు ఏమీ ఆలోచించకుండా, మహర్లం అని చెప్పేశాడు. ఆయన మొహం మారిపోయింది. రెండింతల కిరాయి ఇస్తామన్నా బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. షరతేంటంటే బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. చీకటి పడింది. టిఫిన్ క్యారేజీలో కావలసినంత తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. సుంకం వసూలు చేసే ఆయన గుడిసె దగ్గర ముస్లింలమని ఉర్దూలో మాట్లాడి చూశారు. నీళ్ళు దొరకలేదు. ఆకలితోనే పడుకున్నారు. మర్నాడు గోరెగావ్ చేరారు.

ఆ పిల్లాడు భీమ్‌రావ్ అంబేడ్కర్. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మొదటి అనుభవం ఇదే. అంటరానితనం ఉందని అప్పటికే తెలుసు, బళ్ళో వేరుగా గోనెపట్టా మీద కూర్చునేవాడు. అయినా ఆ ప్రయాణం ఇచ్చిన దెబ్బ వేరని ఆయనే రాశారు.

ఈ కథకి ఫాంటసీ కథ అచ్చంతా ఉంది. ఇల్లు వదలడం, ద్వారపాలకులు, మారువేషం, చీకటి రాత్రి. చివర్లో "నేనెవరు?" కూడా ఉంది. తేడా ఒక్కటే. ఆ ప్రశ్న పిల్లాడు తనని తాను అడుక్కోలేదు. స్టేషన్ మాస్టర్ అడిగాడు. మనకి ఎప్పుడూ ఇలాగే. "మీరేవిట్లు? ఇంటిపేరేంటి? ఏ పేట?" మనమెవరమో మనం తెలుసుకునేలోపే ఊరంతటికీ తెలిసిపోయి ఉంటుంది. కాబట్టి మన పిల్లల ఆత్మాన్వేషణ దాగివున్న పుట్టుకని వెతకడం కాదు. అందరూ చూసేది పుట్టుకనే. దాని వెనక ఎవరికీ కనపడకుండా పోయిన మనిషిని వెతకాలి. ఆ కుర్రాడు ఏం చేశాడో మీకు తెలుసు. నేను మహర్ని కాదు అని చెప్పుకునే దారి వెతకలేదు. ఆ మాట వినగానే మొహాలు మారిపోయే వ్యవస్థనే మార్చడానికి జీవితం పెట్టాడు.

ఇప్పుడు స్టడీ సర్కిల్ అన్న మాటకి వద్దాం. ఫాంటసీ పలాయనం అంటాడు ఆయన. మన కష్టాలు ఇన్ని ఉండగా ఊహల్లో తిరగడం ఏంటని. దీనికి టోల్కీన్ ఎప్పుడో జవాబు చెప్పాడు. జైల్లో ఉన్నవాడు గోడల గురించి కాకుండా ఇంటి గురించి ఆలోచిస్తే తప్పా? యుద్ధం నుంచి పారిపోయే సైనికుడినీ జైలు నుంచి తప్పించుకునే ఖైదీనీ ఒకే గాటన కట్టొద్దు అన్నాడు. మనం ఖైదీలం అన్నా, పారిపోయే సైనికులం కాదు.

ఇంకో సంగతి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న మనల్ని వదిలి వెళ్ళిన రోహిత్ వేముల ఆఖరి ఉత్తరంలో ఏమవ్వాలనుకున్నానని రాశాడు? రచయిత. కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత. నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడు. మనిషిని ఒక ఓటుగా, ఒక అంకెగా, దగ్గర్లో కనిపించే గుర్తింపుగా కుదించేస్తున్నారని బాధపడ్డాడు. ఆ ఉత్తరం పట్టుకుని మనం పదేళ్ళు ఊరేగింపులు తీశాం, తియ్యాలి కూడా. కానీ అందులోని నక్షత్రాల మాటని ఎంతమందిమి పట్టించుకున్నాం? మన పిల్లలకి అంతరిక్షం మీద, సముద్రం మీద, డ్రాగన్ల మీద హక్కుందని అతను చెప్పినట్టే. ఆ హక్కుని వాళ్ళ చేతుల్లోంచి మనమే లాక్కోకూడదు.

అలా అని ఏదిస్తే అది కళ్ళు మూసుకుని చదవమనీ అనను. మన కళ్ళతో చదవాలి. హ్యారీ పోటర్‌నే తీసుకోండి. రక్తం స్వచ్ఛత గురించి మాట్లాడేవాళ్ళే అందులో దుర్మార్గులు. "మడ్‌బ్లడ్" అనే తిట్టు వినగానే మన పిల్లలకి ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు. పుట్టుక కన్నా నువ్వు ఎంచుకునేదే నువ్వెవరో చెబుతుందని ఆ బడి పెద్దాయన హ్యారీకి చెబుతాడు. బాగుంది. కానీ అదే బళ్ళో వంటింట్లోకి వెళ్ళి చూడండి. వంట, ఊడవడం, మంచాలు సర్దడం అంతా ఎల్ఫులనే జాతి చేస్తుంది. జీతం లేదు, సెలవు లేదు, బట్ట లేదు. హెర్మయిని ఒక్కతే ఇది బానిసత్వం అంటుంది. మిగతావాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి ఆ పనంటే ఇష్టం, విడుదల చేస్తే బాధపడతారు అంటారు. ఈ మాట ఎక్కడన్నా విన్నారా? ప్రతి ఊళ్ళో విన్నాం. "వాళ్ళకి అలవాటే", "వాళ్ళు అలా ఉంటేనే సుఖంగా ఉంటారు". హెర్మయిని పెట్టిన సంఘాన్ని రచయిత్రి హాస్యంగా నడిపించింది. సినిమాల్లో ఆ సంఘమే లేదు, కోసేశారు. ఇంకొకడు ఫిల్చ్. మాంత్రికుల ఇంట్లో మంత్రం లేకుండా పుట్టాడు. అతనికి ఇచ్చిన ఉద్యోగం ఏంటో తెలుసా? బడి శుభ్రం చేయడం. ఆ పిల్లల్ని నాలుగు హౌసుల్లోకి విడగొట్టే టోపీ ఒకటుంది. మన దగ్గరా నాలుగున్నాయి, మన వంతు వచ్చేసరికి టోపీ ఖాళీ. పుస్తకం చదువుతూ ఇవన్నీ పట్టుకోగలిగిన పిల్ల, రేపు సిలబస్‌లో ఏది పెట్టినా పట్టుకుంటుంది. స్టడీ సర్కిల్లో ఈ చర్చ పెట్టండి అన్నా, ఒక సాయంత్రం చాలదు.

పెర్సీ జాక్సన్‌లో నాకు నచ్చినది ఒకటుంది. దేవుళ్ళ పిల్లలుండే ఆ శిబిరంలో, ఏ దేవుడూ "వీడు నా బిడ్డ" అని ఒప్పుకోని పిల్లలందరినీ ఒకే గదిలో కుక్కుతారు. నేల మీద పడుకుంటారు. మన హాస్టల్ గది గుర్తొస్తుంది కదా? అయిదో పుస్తకం చివర్లో గెలిచిన పెర్సీకి దేవుళ్ళు అమరత్వం ఇస్తామంటారు. వద్దంటాడు. దానికి బదులు, పదమూడేళ్ళు వచ్చేలోపు పిల్లలందరినీ గుర్తించాలి, చిన్న దేవుళ్ళకీ ఆ శిబిరంలో చోటివ్వాలి అని ఒప్పందం రాయించుకుంటాడు. తనొక్కడు పైకి ఎక్కే అవకాశం వదిలి, గది నియమం మార్చాడు. రక్తం కథే అయినా ముగింపు మనకి పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు చదవాల్సింది ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. అందులో గెడ్ మేకలు కాసే కుర్రాడు, కంచుపని చేసేవాడి కొడుకు. అతని చర్మం రాగి గోధుమ రంగు. ఆ లోకంలో ఎక్కువమంది నల్లగానో చామనచాయలోనో ఉంటారు. 2004లో టీవీలో తీసినప్పుడు గెడ్‌ని తెల్లవాడిని చేసేశారు. లెగ్విన్ బహిరంగంగా నిరసన రాసింది. గెడ్‌లోనూ పుట్టుకతో వచ్చిన మంత్రశక్తి ఉంది, అది దాచను. కానీ చివర్లో అతనికి తెలిసేది రాజవంశం కాదు. తన అహంకారంతో తనే వదిలిన చీకటి నీడకి తన పేరే పెట్టి పిలవాల్సి వస్తుంది. ఆ ఆఖరి ప్రయాణంలో పక్కన ఒక స్నేహితుడు ఉంటాడు.

ఆ లోకంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి నలుగురూ పిలిచేది. ఇంకోటి అసలు పేరు, నమ్మినవాళ్ళకి మాత్రమే చెప్పేది. కోస్తాలో మన పిల్లలకి ఇది అర్థం చేయించక్కర్లేదు. చర్చిలో ఒక పేరు, రికార్డులో ఇంకో పేరు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఆ హోదా పోతుంది కాబట్టి, బాప్తిస్మం పేరు ఇంట్లో దాచుకుని బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. పేరు మీద పెత్తనం ఎంత పాతదో చూడండి. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం, శూద్రుడి పేరు నీచంగా ఉండాలని శాసించింది. పల్లెల్లో మన తాతల పేరు చివర అయ్య తీసేసి గాడు తగిలించిన నోళ్ళు దాని వారసులే. అందుకే పేరు తిరిగి సంపాదించుకునే కథ మన పిల్లలకి ఊహాలోకం కథలా అనిపించదు.

మరి మన పిల్లలు కథానాయకులుగా ఉన్న ఫాంటసీలు ఎన్ని? అమెరికాలో ఈ ప్రశ్న ముందే అడిగారు, లెక్కలు తీశారు. 1965లో నాన్సీ లారిక్ 5,206 పిల్లల పుస్తకాలు పరిశీలిస్తే, బొమ్మలోనైనా ఒక్క నల్ల మనిషైనా కనిపించినవి 349. 1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పిల్లల పుస్తకాల కేంద్రం లెక్క మొదలుపెడితే, ఆ ఏడు వచ్చిన సుమారు 2,500 పుస్తకాల్లో ఆఫ్రికన్ అమెరికన్లు చేసినవి 18. 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు, పుస్తకం పిల్లలకి కిటికీ కావాలి, అద్దమూ కావాలి అంది. అద్దంలో తను కనపడని పిల్ల, ఈ లోకానికి తను అక్కర్లేదని అనుకుంటుంది. పుస్తకంలో ఉన్నా చదివేవాళ్ళు చూడరు, అదీ ఉంది. 'హంగర్ గేమ్స్'లో రూ అనే పిల్లది ముదురు గోధుమరంగు చర్మం అని రచయిత్రి స్పష్టంగా రాసింది. 2012లో సినిమాలో నల్ల అమ్మాయి ఆ పాత్ర వేస్తే, రూ నల్లపిల్లేంటి అని కొందరు పాఠకులు ట్విట్టర్‌లో గోల చేశారు. అమాయకమైన పిల్ల అనగానే వాళ్ళ బుర్రలో తెల్ల పిల్లే మెదిలింది. ఆ వాదాల మధ్యనుంచే కొత్త రచయితలు వచ్చారు. 2018లో నైజీరియా మూలాలున్న టోమీ అడెయెమి 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' రాసింది. మంత్రశక్తి ఉన్న జాతిని అణగదొక్కి, పురుగుల పేరుతో పిలిచే రాజ్యం కథ అది.

మన దగ్గర ప్రచురణకర్తలకి దళిత రచయిత అనగానే ఒకటే కావాలి. కన్నీళ్ళు. మన ఆత్మకథలు రావాలి, ఇంకా రావాలి. కానీ మన బాధకి మార్కెట్ ఉండి మన ఊహకి లేకపోతే, అదీ ఒక వెలివాడే. దారి వేసినవాళ్ళు లేకపోలేదు. కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద పుస్తకం రాశారు. 2008లో అన్వేషి వాళ్ళు తెచ్చిన పిల్లల కథల్లో గోగు శ్యామల గారి తాటకి ఉంది. రాక్షసి పేరుని తిట్టులా కాక, ధైర్యానికి గుర్తులా మోసే పిల్ల. 2011లో 'భీమాయన' వచ్చింది, గోరెగావ్ ప్రయాణాన్ని గోండు చిత్రకారులు బొమ్మల్లో గీశారు. ఇవి మొదటి అడుగులు.

ముడిసరుకు మన దగ్గర కొల్లలు. చిందు కళాకారులు ఆడే జాంబపురాణంలో జాంబవుడు ఈ లోకం పుట్టకముందే పుట్టినవాడు. పుట్టుకతో గొప్ప అన్న వాదాన్ని దాని మీదకే తిప్పి కొట్టిన కథ అది. తంగేడు చెక్కతో, సున్నంతో పచ్చి తోలుని నిగనిగలాడే చెప్పుగా మార్చే లంద కన్నా పెద్ద మంత్రశాల ఏది? చెరువు నిండి కట్ట తెగబోతున్న రాత్రి, ఊరంతా నిద్రపోతుంటే, నీళ్ళలో మునిగి తూము సరిచేసే నీరటి కన్నా సాహసవీరుడు ఎవడు? ఆ నీరటి కూతురు మొదటిసారి ఆ నీళ్ళలోకి దూకిన రాత్రి ఏమైందో రాయండి. అడుగున ఏం కనపడిందో మీ ఇష్టం. మొసలి మాట్లాడినా సరే. ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఆఖర్లో ఆ పిల్ల దొరగారి కూతురని తేల్చకండి. ఈత వాళ్ళ నాన్న నేర్పాడనీ, గుండె వాళ్ళమ్మదనీ ఉండనివ్వండి.

ఊహ మాత్రమే అనుకునేవాళ్ళకి ఒక తారీఖు. 2014 మే 25. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే ఇద్దరు పిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్. పూర్ణకి అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన అమ్మాయి అప్పటికి ప్రపంచంలోనే లేదు. వాళ్ళు భువనగిరి కొండ మీద ఎక్కడం నేర్చుకున్నారు. ఏ రాజరక్తమూ బయటపడలేదు. బడి ఉంది, శిక్షణ ఉంది, తాడు పట్టుకున్న ఇంకో చెయ్యి ఉంది. శివుడి జలపాతం గ్రాఫిక్స్. ఇది మంచు.

కాబట్టి చెల్లీ, చదువు. బాబాసాహెబ్‌నీ చదువు, డ్రాగన్లనీ చదువు. ఆ అన్నకీ ఒక పుస్తకం ఇవ్వు, ఎర్త్‌సీ ఇవ్వు.

మిగతా మిత్రులకి మూడు పనులు. ఒకటి, మీ పాత హాస్టల్‌కి వెళ్ళి లైబ్రరీ బీరువా తాళం తీయించండి. ఎన్ని పుస్తకాలున్నాయి, వాటిలో మన పిల్లలు కథ నడిపేవి ఎన్ని, లెక్క రాసి నాకు పంపండి. లారిక్ ఒక్కతే 5,206 పుస్తకాల లెక్క తీసింది, మనం ఇంతమందిమి ఉన్నాం. రెండు, నెలకో ఆదివారం ఎనిమిదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి ఒక అధ్యాయం గట్టిగా చదివి వినిపించండి. చివర్లో ఒకే ప్రశ్న అడగండి: ఈ కథలో వంట ఎవరు చేస్తున్నారు? మూడు, రాయగలిగినవాళ్ళు అయిదు పేజీలు రాయండి. కట్టప్పకి ఒక కొడుకో కూతురో ఉందనుకోండి. పదమూడేళ్ళు. తాత ఇచ్చిన మాట నేనెందుకు మొయ్యాలి అని ఒక ఉదయం అడిగింది. అక్కడ్నుంచి మొదలుపెట్టండి.

వచ్చినవన్నీ చదువుతా. బాగున్నవి ఇదే గోడ మీద మీ పేరుతో వేస్తా. ఏ పేరుతో వెయ్యాలో మీరే చెప్పండి.

జై భీమ్.